ఉబ్బిన నరం, నొప్పి పెట్టే కాలు

కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరే పిల్లలు నన్ను కలిసినప్పుడు పోస్టింగ్ ఎక్కడ బాగుంటుంది, నైట్ డ్యూటీలు ఎన్ని పడతాయి అని అడుగుతారు. ఆ సంగతులు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగింది కాళ్ల గురించి.

ముప్పై ఏళ్ల సర్వీసులో పన్నెండేళ్లు నేను డ్రెస్సింగ్ గదిలో పనిచేశాను. ఖమ్మం దాటి భద్రాచలం వైపు పోతుంటే అడవి మొదలయ్యే చోట, ముప్పై పడకల సర్కారు దవాఖానా అది. ఊరి పేరు రాయను. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. దాన్ని ఆ ఊరికి అంటగట్టడం నాకు ఇష్టం లేదు.

డ్రెస్సింగ్ గది

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా గదికి వచ్చే పుళ్లలో సగం కాళ్లవే. నాట్లు వేసే ఆడవాళ్లు, బస్సు కండక్టర్లు, హోటల్లో దోసెలు పోసేవాళ్లు, క్షౌరశాల వాళ్లు, బడి పంతుళ్లు వచ్చేవారు. రోజంతా నిలబడి పనిచేసేవాళ్లే అందరూ. మోకాలి వెనుక నుంచి పిక్క మీదుగా చీలమండ దాకా నీలంగా, మెలికలు తిరిగి, చర్మం కిందినుంచి తోసుకొచ్చినట్టు నరాలు కనబడేవి. డాక్టర్లు వేరికోస్ వీన్స్ అని రాసేవారు. జనం 'నరాలు తేలినయి' అనేవారు.

మన మాటలోనే ఒక చిక్కు ఉంది. కాలి రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చేది నరమే. గుండె నుంచి రక్తాన్ని కాలికి తెచ్చేదీ నరమే. నొప్పిని మెదడుకు మోసేదీ నరమే. పుస్తకాల్లో ఈ మూడింటికీ మూడు పేర్లు ఉన్నాయి గానీ, మంచం పక్కన నిలబడి ఎవరూ ఆ పేర్లు వాడరు. 'నరం గుంజుతున్నది' అని పేషెంటు అంటే, అది ఏ నరమో మనమే తేల్చుకోవాలి. చాలాసార్లు తేల్చుకోం. కంటికి కనబడేదే నొప్పి పెడుతోందని అనుకుని పని మొదలుపెడతాం.

నేను కట్టు బాగా కట్టేదాన్ని. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఇది తెలియాలి. నరాల పుండుకు సాగే గుడ్డతో కట్టు కడతారు. కాలి వేళ్ల మొదటి నుంచి మొదలుపెట్టి, మడమ చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పి, మోకాలి కింద ఆపాలి. కింద బిగువుగా ఉండాలి, పైకి పోయేకొద్దీ వదులు కావాలి. ఏళ్ల తరబడి మానని పుళ్లు ఆ కట్టు కింద కొన్ని నెలల్లో మానడం నా కళ్లతో చూశాను. బూర్గంపాడు నుంచి కూడా 'సుశీల సిస్టర్ కట్టు' కోసం వచ్చేవాళ్లు. ఆ పేరు నాకు బాగా నచ్చింది. పేరు వచ్చిన పనిలో మనం ప్రశ్నలు అడగడం తగ్గిస్తాం. నేను తగ్గించాను.

నొప్పి లేని నరాలు

పెనుబల్లి దగ్గరి ఒక రైతు కుటుంబం ఆమెది, పేరు రాజ్యలక్ష్మి. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్నవాళ్లు. మా ఊళ్లో చుట్టాలింటికి వచ్చి, కత్తిపీట మీద చెయ్యి కోసుకుని కట్టు కోసం వచ్చింది. చేతికి కట్టు కట్టించుకుని, స్టూలు దిగుతూ చీర కొంచెం పైకి పట్టుకుంది. నేను కాళ్లు చూశాను. రెండు పిక్కలనూ చుట్టేసి చిటికెన వేలంత లావు నరాలు.

"ఇవేంటమ్మా ఇలా ఉన్నాయి?" అన్నాను.

"ఏవండీ?" అంది. తర్వాత తనే చూసుకుని, "అవా! మా పెద్దమ్మాయి కడుపులో ఉన్నప్పటి నుంచి ఉన్నాయండి. నాకేం బాధ లేదు," అంది.

"బాధ లేదని ఊరుకుంటే ఎట్లా? అవి పగిలితే రక్తం ధారలా పోతుంది. పుండు పడితే మానదు. వెంటనే డాక్టరు గారికి చూపించుకోండి."

ఆమె నవ్వు ఆగిపోవడం నాకు గుర్తుంది. ఆ రోజు అది నా హెచ్చరిక బాగా పనిచేసినట్టు అనిపించింది.

మూడు వారాలకు మళ్లీ వచ్చింది. ఈసారి భర్తను వెంటబెట్టుకుని వచ్చింది, కోపంగా ఉంది. "మీరు చూపించిన కాడ నుంచి కాళ్లు లాగుతున్నాయండి. అంతకు ముందు పొద్దున పోతే పొద్దుగూకే దాకా తోటలో నిలబడేదాన్ని. ఇప్పుడు పొయ్యి కాడ నిలబడితే చాలు, వంగి కాళ్లే చూసుకుంటున్నా. ఏం చేశారండీ మీరు నన్ను?"

ఖమ్మం నుంచి మంగళవారం, శుక్రవారం వచ్చే సర్జన్ విశ్వనాథం గారు ఆమెను నిలబెట్టి, పడుకోబెట్టి, నడిపించి చూశారు. వాపు లేదు, చర్మం నల్లబడలేదు, దురద లేదు. "ఏమీ చేయక్కర్లేదమ్మా. మీ పని మీరు చేసుకోండి," అని పంపారు. తర్వాత నా వైపు తిరిగి, "సిస్టర్, నరాలు ఉబ్బినంత మాత్రాన నొప్పి ఉండాలని లేదు. కాలు నొప్పి ఉన్నంత మాత్రాన ఉబ్బిన నరమే కారణం కావాలనీ లేదు. ఆమె కాళ్లు బాగానే ఉన్నాయి. నొప్పి మీరే పెట్టారు," అన్నారు.

పక్కన ఇద్దరు జూనియర్ నర్సులు ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టు అయింది. ఆయన అన్న రెండు మాటల్లో మొదటిదే నేను పట్టుకున్నాను. నొప్పి లేనివాళ్లను భయపెట్టకూడదు అని నేర్చుకున్నాను. రెండో మాట అప్పుడు చెవిన పడింది, అంతే. ఆ మాట అన్న ఆయన కూడా ఏడాది తిరగకుండానే దాన్ని మర్చిపోయారు.

హాస్టల్ వంటమనిషి

బాలు నాయక్‌ది టేకులపల్లి వైపు ఒక తండా. యాభైకి దగ్గర పడ్డ మనిషి. పిల్లల హాస్టల్లో ఇరవై ఏళ్లుగా వంట చేస్తున్నాడు. పెద్ద పెద్ద గుండిగల ముందు నిలబడి అన్నం వార్చే పని. ఆ తండాలో సర్కారు జీతం తెచ్చే మొదటి తరం అతనిది. ఎడమ కాలి మీద పుండు పడి మూడు నెలలైంది. నిలబడలేకపోతున్నాడు. సెలవులు అయిపోయాయి. ఇంకొకరిని పెట్టుకుంటామని వార్డెన్ అప్పటికే రెండు సార్లు అన్నాడట.

భార్య మంగి వెంట వచ్చింది. ఆమే మాట్లాడింది. "బస్టాండు కాడికెళ్లి ఈడికి వచ్చెటాల్లకు మూడు సార్లు నిలబడ్డడు సిస్టరమ్మ. పిక్క పట్టేస్తది అంటడు. జరసేపు ఆగితే మల్ల నడుస్తడు."

నేను విన్నాను. నీరసం అనుకున్నాను.

కాలు చూస్తే అనుమానమే రాలేదు. పిక్క నిండా నరాలు ఉబ్బి ఉన్నాయి. ఇరవై ఏళ్లు నిలబడి వంట చేసిన మనిషికి రావలసిన కాళ్లే అవి. పుండు మాత్రం చీలమండ బయటి పక్క ఉంది. నరాల పుళ్లు ఎక్కువగా లోపలి పక్క పడతాయని నాకు తెలుసు. అయినా కాళ్లన్నీ ఒక్కలా ఉండవు కదా అనుకున్నాను. బీడీలు తాగుతావా అని అడిగాను. రోజుకు రెండు కట్టలు అన్నాడు. మానెయ్యమన్నాను. అందరికీ చెప్పే మాటే అతనికీ చెప్పాను.

ఆ మంగళవారం ఓపీలో జనం తలుపు దాకా ఉన్నారు. విశ్వనాథం గారు మంచం కాళ్ల వైపు నిలబడి, పెన్నుతో నరాలు చూపించి, "వేరికోస్ అల్సర్. అడ్మిట్ చేయండి. కాలు ఎత్తు మీద పెట్టించండి. మీ కట్టు కట్టండి. పుండు ఆరితే ఖమ్మంలో ఆపరేషన్ చేద్దాం," అన్నారు. పాదం ముట్టుకోలేదు. నేను ముట్టుకున్నాను, కట్టు కట్టడానికి. చల్లగా ఉంది. డిసెంబరు నెల, అందరి కాళ్లూ చల్లగానే ఉన్నాయి.

మర్నాడు పొద్దున వార్డులోకి పోయేసరికి అతను మంచం అంచున కూర్చుని ఎడమ కాలు కిందికి వేలాడేసుకుని ఉన్నాడు. కాలి కింద పెట్టడానికి నేనిచ్చిన దిండు తల దగ్గర ఉంది.

"కాలు పైకి పెట్టు నాయక్. దిండు ఎందుకిచ్చిన?" అన్నాను.

"మీదికి పెడితే సలుపుతున్నది సిస్టరమ్మ. కిందికి ఏలాడేస్తే జర నిమ్మళం ఉంటది."

"ఏలాడేస్తే వాపొస్తది. చూడు పాదం ఎట్ల ఉబ్బిందో. నరాల జబ్బుకు కాలు మీదనే ఉండాలె."

"అవ్, ఉబ్బింది. గానీ నొప్పి తగ్గుతది."

కాలు ఎత్తి దిండు మీద పెట్టాను. నేను ఆ మంచం దాటేదాకా ఉంచాడు. తిరిగి వచ్చేసరికి దించేశాడు. రెండు రోజులు ఇదే నడిచింది. కాలు దించడం వల్ల పాదం ఇంకా ఉబ్బింది. వాపు చూసి నేను కట్టు ఇంకొంచెం బిగించాను. మొండి మనిషి అని అటెండర్‌తో అన్నాను కూడా.

నాలుగో రోజు కట్టు విప్పేసి ఉంది. మంగి దాన్ని ఉండలా చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నేనే ఇప్పిన. కండ్లల్ల నీళ్లు దీసుకుంటుండు. గింత గట్టిగ కడితే ఎట్ల సిస్టరమ్మ?"

"ఇష్టమొచ్చినట్టు ఇప్పుకుంటే పుండు మానదు. ఇంటికి పోతరా మరి?" అన్నాను. గొంతు పెంచే అన్నాను. పక్క మంచాల వాళ్లు తిరిగి చూశారు.

బాలు నాయక్ భార్య చేతిలోంచి కట్టు తీసుకుని నాకిచ్చాడు. "కట్టు. నీకు తెలుస్తది గద," అన్నాడు.

నేను మళ్లీ కట్టాను.

ఆ రోజే శుక్రవారం. విశ్వనాథం గారు రౌండుకు వచ్చినప్పుడు నొప్పి ఎక్కువగా చెబుతున్నాడని చెప్పాను. "పుండు ఉన్నవాడికి నొప్పి ఉండదా?" అని మాత్ర మోతాదు పెంచారు. కట్టు విప్పి చూద్దామా అని నేను అనలేదు, విప్పమని ఆయన అడగలేదు.

వేలు పెట్టి చూసిన డాక్టరమ్మ

ఆదివారం డ్యూటీ డాక్టరు నవీన. చదువు ముగించి మా దగ్గరికి వచ్చి నాలుగు నెలలు. సన్నగా, కొంచెం తడబడుతూ మాట్లాడేది. మేమంతా ఆమెను చిన్నపిల్లలా చూసేవాళ్లం.

ఆమె వచ్చేసరికి అతని కాలు మళ్లీ కిందికి వేలాడుతోంది. నేను మందలించబోయాను. ఆమె నాకంటే ముందే అడిగింది. "ఎందుకు దించారు?"

"దించితే నొప్పి తగ్గుతది డాక్టరమ్మ. మీదికి పెడితే ప్రాణం పోతున్నది."

ఆమె ఒక్క క్షణం అతని ముఖం చూసి, నేల మీద గొంతుకూర్చుంది. "సిస్టర్, కట్టు విప్పండి."

విప్పాను. చిటికెన వేలు, దాని పక్క వేలు కట్టు అంచు కింద నల్లబడి ఉన్నాయి. ఆమె రెండు వేళ్లు పాదం మీద పెట్టి కళ్లు మూసుకుంది. తర్వాత చీలమండ వెనుక పెట్టింది. తర్వాత కుడి పాదం మీద పెట్టి, మళ్లీ ఎడమ పాదానికి వచ్చింది. చాలాసేపు పట్టింది.

"పల్స్ ఎప్పుడు చూశారు సిస్టర్?"

"పొద్దున్నే చూశాను మేడం. డెబ్బై ఆరు."

"చేతిది కాదు. పాదానిది."

ఆరు రోజుల్లో ఆ పాదాన్ని ఎన్నోసార్లు పట్టుకున్నాను. ఒక్కసారి కూడా దాని పల్స్ చూడలేదు.

ఆమె నన్ను వరండాలోకి పిలిచి నెమ్మదిగా చెప్పింది. ఉబ్బిన నరాలు నిజమే. కానీ అతని జబ్బు అవి కాదు. పైనుంచి కాలికి రక్తం తెచ్చే గొట్టం పూడుకుపోతోంది, ఎక్కువగా బీడీల వల్ల. అందుకే నడిస్తే పిక్క పట్టేస్తుంది, ఆగితే వదులుతుంది. అందుకే కాలు దించితే బరువుకు కాస్త రక్తం దిగి నొప్పి తగ్గుతుంది. కాలు ఎత్తితే ఆ కాస్త రక్తం కూడా పోతుంది. అలాంటి కాలికి బిగువు కట్టు కట్టకూడదు.

తడబడుతూనే చెప్పింది. ఒక్క మాట కూడా నన్ను అనలేదు.

దవాఖానా జీపులో ఖమ్మం పంపాం. ఎక్కేముందు మంగి నాకు రెండు చేతులూ జోడించింది. "ఆరు దినాలు దగ్గరుండి చూసినవ్ సిస్టరమ్మ. నీ మేలు మర్వం," అంది. నేను ఆ చేతులు పట్టుకుని దించాను.

ఖమ్మం నుంచి ఇంకా పెద్ద దవాఖానాకు పంపారు. అక్కడ మోకాలి కింద కాలు తీసేశారు.

ఆ కబురు వచ్చాక మంగళవారం విశ్వనాథం గారు కేస్ షీటు తెప్పించుకుని చదివి, తలుపు వేయమన్నారు. "నేను పాదం ముట్టుకోలేదు సిస్టర్. నరాలు కనిపించాయి, అక్కడితో ఆగిపోయాను," అన్నారు. షీటు మూసి, "వాళ్లకు ఏం చెప్పారు?" అని అడిగారు.

"బీడీల వల్ల రక్తం ఆగిందని చెప్పారంట సర్, ఖమ్మంలో."

"అది నిజమే."

"కట్టు సంగతి నేను చెప్పలేదు."

"కట్టు లేకపోయినా కాలు పోయేదేమో. ఎవరు చెప్పగలరు? ఇప్పుడు మీరు వెళ్లి చెబితే కాలు తిరిగి వస్తుందా? వాళ్ల మనసు పాడవుతుంది, మీ ఉద్యోగం పాడవుతుంది."

ఆయన చెడ్డ డాక్టరు కాదు. నేను పనిచేసిన సర్జన్లలో ఆయన చెయ్యే అందరికంటే శుభ్రమైనది. ఆ తర్వాత రౌండులో ఆయన ప్రతి కాలినీ ముట్టుకోవడం చూశాను. ఎందుకో మాత్రం జూనియర్లకు ఎప్పుడూ చెప్పలేదు. నా దృష్టిలో ఆయన రెండో తప్పు అది. మొదటిది జనం ఎక్కువున్న రోజు ఎవరికైనా జరుగుతుంది.

తండాకు వెళ్లిన రోజు

నేను మూడు నెలలు ఆగాను. ఆలోచించుకోవడానికి ఆగానని రాయొచ్చు గానీ అది అబద్ధం. భయపడి ఆగాను.

మార్చిలో ఒక సెలవు రోజు బస్సెక్కి, దిగిన చోటు నుంచి ఇప్పపూలు రాలుతున్న దారిలో నడిచి తండాకు పోయాను. బాలు నాయక్ ఇంటి ముందు పందిట్లో మంచం మీద ఉన్నాడు. పక్కన చంక కర్రలు ఆనించి ఉన్నాయి. మంగి మక్కజొన్న కంకులు ఒలుస్తోంది. నన్ను చూసి లేచి, "మా సిస్టరమ్మ వచ్చింది," అని పక్కింటి వాళ్లను కేకేసింది. వాళ్ల భాషలో వాళ్లకు ఏదో చెప్పింది, నన్ను మెచ్చుకుంటోందని ముఖాలు చూస్తే తెలిసింది. మరుక్షణం కుర్చీ వచ్చింది.

కూర్చుంటే చెప్పలేననిపించి నిలబడే చెప్పాను. "నాయక్, నీ కాలికి నేను కట్టిన కట్టు తప్పు కట్టు. నీకు కట్టకూడనిది కట్టిన. రక్తం తక్కువైన కాలిని ఇంకా బిగించిన. బీడీల వల్ల జబ్బు వచ్చింది, అది నిజం. కానీ ఆ కట్టు లేకపోతే వేళ్లతోనే పోయేదేమో. నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఈ మాట మీకు చెప్పాలని వచ్చిన."

మంగి చేతిలో మక్క కంకి అట్లాగే ఉంది. "మేం నీకు దండం పెట్టినం గదమ్మ," అంది. అంతే అంది. కంకి చేటలో వేసి లోపలికి పోయింది.

బాలు నాయక్ కోప్పడతాడని ఎదురుచూశాను. కోప్పడితే తేలిగ్గా ఉండేది.

"నేను చెప్పిన గద," అన్నాడు చివరికి. "కిందికి ఏలాడేస్తే నిమ్మళమైతది అని. రోజూ చెప్పిన."

"చెప్పినవ్."

"నువ్వు ఇనలే."

"ఇనలే."

అతను తల ఊపాడు. తర్వాత కుడి కాలు మంచం మీదికి చాపి నా వైపు జరిపాడు. "ఇదెట్లుంది, జూడు."

నేను వంగి పాదం మీద వేళ్లు పెట్టాను. మొదట నా వేళ్లలోని పల్సే నాకు తెలిసింది. చెయ్యి తీసి మళ్లీ పెట్టాను. సన్నగా ఉంది, కానీ ఉంది.

"కొట్టుకుంటున్నది. బీడీ ముట్టకపోతే ఉంటది."

"మానేసిన. దవాఖానల మానిపిచ్చిండ్రు. వార్డెన్ సారు నా జాగ ఇంకా ఖాళీగనే పెట్టిండు. నిలబడి వండుడు నాతోని కాదు. కూసోని జేసే పని ఇస్తడో ఇయ్యడో."

మంగి మళ్లీ బయటికి రాలేదు. నీళ్లు తాగమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. బస్సు కోసం రోడ్డు మీద గంటసేపు నిలబడ్డాను.

ఆ వారంలో నవీన డాక్టరమ్మ ఒక కాగితం రాసి ఇచ్చింది. ఈ మనిషి కూర్చుని చేసే పనికి తగినవాడు, స్టోరు చూసుకోగలడు, వంట దగ్గరుండి చెప్పగలడు అని. నేను దాన్ని తీసుకుని హాస్టల్‌కు పోయాను. వార్డెన్ వెంటనే ఒప్పుకోలేదు. మూడోసారి పోయినప్పుడు బాలు నాయక్‌ను రమ్మని కబురు పెట్టాడు. స్టోరు తాళాలు ఇచ్చాడు. గుండిగలు దించడానికి ఇంకో మనిషిని పెట్టుకున్నారు.

అడగవలసిన మాటలు

తర్వాత ఎనిమిదేళ్లు అదే గదిలో ఉన్నాను. కాళ్లు చూసే పద్ధతి మార్చుకున్నాను. మనిషి రాగానే చీర, పంచె ఎత్తమనేదాన్ని కాదు. ముందు మాట అడిగేదాన్ని, తర్వాతే కాలు చూసేదాన్ని. కాలు చూశాక చెవులు సరిగ్గా పనిచేయవు. ఉబ్బిన నరం కనబడగానే మిగతా మాటలన్నీ దాని చుట్టూ అల్లేసుకుంటాం.

ఎప్పుడు నొప్పి? పొద్దున బాగుండి, సాయంత్రానికి కాళ్లు బరువెక్కి, దురద పెట్టి, చీలమండ దగ్గర ఉబ్బి, పడుకుని కాలు ఎత్తు మీద పెట్టుకుంటే తగ్గితే అది ఉబ్బిన నరాల బాధ కావచ్చు. నడిస్తే పిక్క పట్టేసి, నిలబడితే వదిలితే, కాలు దించుకుంటే హాయిగా ఉంటే, అది వేరే సంగతి. వెంటనే పాదం పల్స్ చూడాలి, అది దొరికే దాకా కట్టు ముట్టకూడదు. వాపులో పల్స్ సరిగ్గా దొరకదు. దొరకలేదంటే నాకు చేతకాలేదని అనుకుని వదిలేయకండి, డాక్టరును పిలవండి.

ఇవి రెండూ కానివి బోలెడు. ఒక కండక్టరు ఖమ్మంలో ప్రైవేటుగా నరాల ఆపరేషన్ చేయించుకుని, కుట్లు విప్పించుకోవడానికి మా దగ్గరికి వచ్చాడు. కాళ్లు నున్నగా అయ్యాయి. "చూస్తే మంచిగనే ఉన్నయి సిస్టర్, గానీ నొప్పి పోలే," అన్నాడు. ఎక్కడ నుంచి ఎక్కడికి అని అడిగితే, నడుము నుంచి పిర్ర మీదుగా చిటికెన వేలి దాకా వేలితో గీత గీసి చూపించాడు. అది వెన్ను నొప్పి. ఆపరేషన్‌కు ముందు ఆ గీత గీయమని ఎవరూ అడగలేదు. ఆపరేషన్ చేసినాయన తప్పుగా చేయలేదు, చాలా బాగా చేశాడు. అవసరం లేని పని బాగా చేయడం ఆ మనిషికి ఏం ఉపయోగం?

నాట్ల కాలంలో వచ్చే ఆడవాళ్లలో చాలామందికి ఏ జబ్బూ ఉండదు. పదిహేను రోజులు బురదలో వంగిన కాళ్లు అవి. వాళ్లకు జబ్బు పేరు పెట్టకండి. పేరు పెడితే నొప్పి ఇంటికి కూడా వెంట వస్తుంది. పెనుబల్లి ఆమె నాకు నేర్పింది అది.

డాక్టరు ఆర్డరు రాశాక నర్సు అడగకూడదని మాకు నేర్పారు. మీకూ నేర్పుతారు. డాక్టరు ఆ మనిషి దగ్గర రెండు నిమిషాలు ఉంటారు, మనం రోజంతా ఉంటాం. కాలు దించుకోవడం చూసింది నేను, కట్టు విప్పుకోవడం చూసింది నేను, మంగి మాట విన్నది నేను. అవన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. విశ్వనాథం గారి పొరపాటు కంటే నాది పెద్దదని నేను అనుకోవడానికి కారణం అదే. వినయం కోసం అంటున్న మాట కాదిది.

నేను రిటైరయ్యే ముందు ఏడాది ఒక ముసలామె వచ్చింది. టేకులపల్లి వైపు తండా నుంచే. ఎడమ చీలమండ లోపలి పక్క పుండు, చుట్టూ చర్మం నల్లగా, పైన నరాలు ఉబ్బి ఉన్నాయి. మాటలు అడిగాను. సాయంత్రం బరువు, పడుకుంటే తగ్గుతుంది, ఎంత దూరమైనా నడుస్తుంది. చూస్తే మామూలు నరాల పుండే. వెంట ఉన్న కోడలు కట్టు గుడ్డ వైపు చూసి, నేను దాన్ని అందుకోకముందే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వేనా సుశీల సిస్టరు?"

"నేనే."

"మమ్మల్ని బాలు నాయక్ పంపిండు. గామె కాడికే పోండ్రి అన్నడు. గానీ పాదం పట్టుకోని జూసినంకనే కట్టనియ్యున్రి అన్నడు. చూడకుంట కడితే లేచి రమ్మన్నడు."

ఎదురుగా కొత్త నర్సులు ఉన్నారు, ఆ మాట వాళ్లు విన్నారు. నేను ముసలామె పాదం ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ఆనించి, గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు పూర్తిగా తిరిగే దాకా అలాగే ఉన్నాను. కోడలు నా వేళ్లనే చూస్తూ నిలబడింది. పల్స్ గట్టిగా ఉంది. "ఉందమ్మా, నువ్వు కూడా చూడు," అని ఆమె వేలు పట్టుకుని ఆ చోట పెట్టాను. ఆమెకు కొంతసేపు దొరకలేదు. దొరికాక తల ఊపి, అడ్డం పెట్టిన చెయ్యి తీసింది. అప్పుడు కట్టు మొదలుపెట్టాను.